పదకొండేళ్ళు కోసిన చెట్టు

మా అమ్మకి నరకం అంటే మహా ఇష్టం. తను పోవడానికి కాదు, నచ్చనివాళ్ళని పంపడానికి.

ఎనభై రెండేళ్ళ మనిషి, పేరు రాసమ్మ. మలేషియాలో సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో పుట్టింది. పదమూడో ఏట కత్తి పట్టి, యాభై దాటేదాకా చెట్లు కోసింది. కోయడమంటే నరకడం కాదు. తెల్లవారకముందే తలకి దీపం కట్టుకుని చెట్టు చెట్టుకీ తిరిగి, బెరడు మీద ఏటవాలుగా ఒక గీత గీయాలి. ఆ గీతలోంచి పాలు కారి కింద కట్టిన చిప్పలో పడతాయి. పొద్దెక్కాక బకెట్లలో పోసుకుని మోసుకురావాలి. అన్నేళ్ళు మోసిన మనిషి ఇప్పుడు నా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, తమిళ సీరియళ్ళు చూస్తూ, ఏ అత్తగారిని ఎంత నూనెలో వేయించాలో తీర్పులు చెబుతూ ఉంటుంది.

నేను ఆవిడ కూతుర్ని, యోగేశ్వరిని. గ్లౌజుల ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు చిల్లులు వెతికే పని చేసి రిటైరయ్యాను. గాలి ఊది, నీళ్ళలో ముంచి, సూదిమొనంత చిల్లున్నా పట్టేసేదాన్ని. ఆ అలవాటు ఇంటికీ పట్టుకొచ్చాననీ, ఎవరేం మాట్లాడినా అందులో చిల్లు వెతుకుతాననీ మా ఆయన మోహన్ దెప్పుతూ ఉంటాడు. అంతటి దాన్ని, నా ఇంట్లో, నా కళ్ళెదుట యాభై ఐదేళ్ళుగా ఉన్న అబద్ధాన్ని పట్టుకోలేకపోయాను. తలచుకుంటే సిగ్గుతో పాటు ఒళ్ళు మంట కూడా.

మా శర్మిళ సెలవులకి వచ్చిన వారం అది. లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు. కౌలాలంపూర్‌లో యూనివర్సిటీలో సాహిత్యం చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ మాట్లాడబోతే సగం మాటలు దొరకవు, దొరకనిచోట ఇంగ్లీషో తమిళమో పెట్టి అతికిస్తుంది, మాట చివర ఇక్కడి మలయావాళ్ళ అలవాటున ఓ 'లా' తగిలిస్తుంది. ఈసారి సంచీలో ఇటుకంత పుస్తకం తెచ్చుకుంది. సెలవుల తర్వాత దాని మీద ఏదో పెద్ద వ్యాసం రాయాలట.

"ఏటే అది, అంత లావుంది?" అంది మా అమ్మ.

"నరకం అమ్మమ్మా. ఇటలీ దేశం కవి, ఏడు వందల ఏళ్ళ ముందు రాసినాడు. బతికి ఉన్నప్పుడే హెల్ లోపలికి పోయి, అంతా చూసి వచ్చినాడు."

"ఎల్లి సూసొచ్చినాడా? మరి ఇన్నాళ్ళూ సెప్పవేటే?" అంటూ మా అమ్మ రిమోట్ చేతిలోకి తీసుకుని టీవీ కట్టేసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో, ఆవిడ తనంతట తను టీవీ కట్టడం మా ఆయన ఆ రోజే చూశాడు.

అలా మధ్యాహ్నం మధ్యాహ్నం నరకం చెప్పడం మొదలైంది. నేను చేతిలో ఏదో పని పెట్టుకుని ఓ చెవి అటు పడేసేదాన్ని. ఆ నరకం గరాటులా ఉంటుందట. కిందికి దిగినకొద్దీ పాపం పెద్దది, శిక్ష పెద్దది. జోస్యాలు చెప్పినవాళ్ళకి తల వెనక్కి తిరిగిపోయి ఉంటుంది. ముందున్నది చూస్తామని గొప్పలు పోయారు కదా, ఇక వెనక్కే చూస్తూ నడవాలి. ముఖస్తుతి చేసి బతికినవాళ్ళు పీకల్లోతు పెంటలో ఉంటారు. ఏ తప్పు చేశారో ఆ తప్పు పోలికే శిక్షలో ఉంటుంది.

"మన యముడికి ఇంత బుర్ర నేదు సూడు," అంది మా అమ్మ. "ఎవుడు దొరికినా నూనిలో ఎయ్యడమే." ఆ వెంటనే తోటలో ఉన్నవాళ్ళని సర్దడం మొదలెట్టింది. దొర ఎదురుగా చేతులు కట్టుకుని మంచు కూడా ఆయన వల్లే కురుస్తోందన్నట్టు పొగిడిన మండోరు, అంటే మా మేస్త్రీ, సరాసరి పెంటలోకి పోయాడు. మా లైనులో, అంటే కూలీల ఇళ్ళ వరసలో, అందరి మీదా చాడీలు చెప్పిన ఒకావిడకి నాలుక చీల్చే చోటు ఉందా అని అడిగింది. చీల్చే చోటు ఉంది లా అమ్మమ్మా అని శర్మిళ అంటే, ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు ముచ్చటేసింది. సొంత భాషలో పది మాటలు కలిపి మాట్లాడని పిల్ల, అమ్మమ్మతో గంటలకి గంటలు కబుర్లు చెబుతోంది కదా అని, నరకానికి లోలోపల దణ్ణం పెట్టుకున్నాను.

నాలుగో రోజున ఆ అడవి వచ్చింది.

నేను నేల మీద కూర్చుని కంగ్‌కుంగ్ ఆకుకూర తుంచుతున్నాను. శర్మిళ సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుంది. మా అమ్మ కుర్చీలో ముందుకి వంగి వింటోంది.

"ఇక్కడ దారి లేదు అమ్మమ్మా. అడవి. చెట్లు అన్నీ వంకర, ఆకు కూడా గ్రీన్ కాదు, నలుపు. ఎవరో ఏడుస్తున్నారు, సౌండ్ వస్తుంది, కానీ మనిషి ఎవరూ లేరు. కవికి ఏమీ అర్థం కాలేదు. కూడా వచ్చిన పెద్దాయన చెప్తాడు, ఒక కొమ్మ విరిచి చూడు అని. చిన్న కొమ్మ విరిచినాడు. బ్లడ్ వచ్చింది. చెట్టు అరిచింది, నన్ను ఎందుకు విరుస్తావు అని."

"సెట్టు అరుస్తాదేటి?"

"అది చెట్టు కాదు లా. మనిషి. సూసైడ్ చేసుకున్నవాళ్ళు అక్కడ చెట్టు అయిపోతారు. వాళ్ళ బాడీ వాళ్ళే వద్దు అన్నారు కదా, అందుకు బాడీ ఇవ్వరు. చెట్టులోనే ఉండాలి."

మా అమ్మ అడిగింది. "మామూలుగా మాటాడనేరా?"

"లేరు అమ్మమ్మా. విరిస్తేనే. నెత్తురు, మాట రెండూ ఒకే చోటు నుంచి కలిసి వస్తాయి. అది చాలా బ్యూటిఫుల్‌గా రాసినాడు," అంది నా కూతురు, అందులో అందమేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

"మీ తాత అలాగే పోయినాడు," అంది మా అమ్మ.

టీ చల్లారిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నేను ఇంకా ఆకు తుంచుతూనే ఉన్నాను. నా చేతులు రెండు మూడు కాడలు తుంచాక కానీ ఆ మాట నాకు తలకెక్కలేదు.

"ఏటంటన్నావమ్మా? నాన్నని పాము కరిసింది గదా."

"పాము నేదు. ఏటీ నేదు. ఉరేసుకున్నాడు. తోటలోనే, సెట్టుకి." ఆవిడ నా వైపు చూడటం లేదు. గోడకేసి చూస్తోంది. "ఆ సెట్టుని పదకొండేళ్ళు నానే కోసినాను."

శర్మిళ చేత్తో నోరు మూసుకుంది. మా నాన్న కూర్మయ్య పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. పొద్దున్నే చెట్లు కోయడానికి వెళితే పాము కాటేసిందని చెప్పి పెంచారు. ఆ కథ విని విని, నేల మీద తాడు ముక్క కనిపించినా ఎగిరి గంతేసేదాన్ని. తాడుని చూసి పామనుకునేవాళ్ళ గురించి పెద్దలు చెబుతూ ఉంటారు. మా అమ్మ తాడునే పాము చేసి నాకు చెప్పింది. నేను యాభై ఐదేళ్ళు నమ్మాను.

నాన్న ఎందుకు పోయాడమ్మా, ఎందుకు దాచావమ్మా అని అడుగుతూనే ఉన్నాను. నా గొంతు లేచిపోతోందని నాకే తెలుస్తోంది. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, గదిలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. దీపావళి ముందురోజు మా ఇంట్లో పెద్దలకి ఆకు వేస్తాం. బతికుండగా వాళ్ళు ఇష్టంగా తిన్నవన్నీ వండి అరటాకులో పెట్టి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి, రండి తినండి అని పిలవాలి. ఇంటికి పెద్ద కనక మా అమ్మే పిలుస్తుంది. వాళ్ళ అమ్మా నాన్నా, అత్తామామా, చిన్నప్పుడే పోయిన తమ్ముడు, అందరినీ పిలుస్తుంది. మా నాన్న దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. మొగుడి పేరు పెళ్ళాం నోటితో అనకూడదు కదా, అందుకే మనసులో పిలుచుకుంటోందని అనుకునేదాన్ని. ఏడేళ్ళప్పుడు కాబోలు, నువ్వు అనకూడదు గానీ నేను అంటానమ్మా అని "కూర్మయ్యా" అని నోరు తెరిచాను. నా మూతి మీద అరచెయ్యి పెట్టి నొక్కేసింది, పెదవి పన్నుకి తగిలి చిట్లింది. మొగుడి పేరు మీద ఎంత భక్తో అనుకున్నాను. పెళ్ళయ్యాక మా ఆయనకి కూడా మురిసిపోతూ చెప్పాను ఆ సంగతి. గౌరవం కాదు, ఏమీ కాదు. అలా పోయినవాళ్ళని ఆకు దగ్గరికి పిలవరు. మా నాన్న యాభై ఐదు దీపావళులు మా గుమ్మం బయటే ఉండిపోయాడు, నేనేమో ఆ ఆకులోని గారెలు ప్రసాదమని తింటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం మా అమ్మ అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు. ఇంత గంజి పట్టుకెళ్ళి కూర్చుంటే కళ్ళు మూసుకునేది. రెండో రోజున వీధి చివర క్లినిక్ డాక్టరమ్మని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడ చూసి, జబ్బేమీ కనిపించడం లేదు, కానీ ఈ వయసులో ఇలా ఇంకో రెండు రోజులు గడిస్తే మనిషి మిగలదు అని మొహమాటం లేకుండా చెప్పింది.

నాకున్న కోపమంతా కూతురి మీద పడింది. వంటగదిలోకి లాక్కెళ్ళి కడిగేశాను. "నీకు సెప్పడానికి ఇంకేటీ దొరకనేదా? ముసలామికి సచ్చినోళ్ళ కతలు సెప్తావా? ఆ సెట్టుని కోసి కోసి మొగుడి రగతం కళ్ళ సూసినానని అనుకుంటన్నాది. ఇప్పుడు సచ్చిపోతన్నాది సూడు!"

పాపం, పిల్ల ముఖం ఎర్రగా అయిపోయింది. "నాకు ఎలా తెలుస్తుంది లా అమ్మా? నీకే తెలీదు కదా."

ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా మండింది. "సరే, ఆ పుస్తకంలో మంచిమాట ఏదైనా ఉంటే తీసి సెప్పు. కోసినోళ్ళకి తప్పు నేదని రాసుంటే సదువు."

శర్మిళ పుస్తకం తీసింది, ఆ పేజీలు చూసింది, మూసేసింది. "ఉన్నది చెప్పకూడదు అమ్మా."

"సెప్పు."

"ఆ అడవిలో పక్షులు ఉన్నాయి. ముఖం ఆడవాళ్ళ ముఖం. వాళ్ళు ఎప్పుడూ ఆ చెట్ల ఆకులు తింటారు, చెట్లకి నొప్పి ఇస్తారు. అదే వాళ్ళ పని."

ఆ మహాకవి ఎవరో నా ఎదుట పడితే, అయ్యా, తెల్లవారుజామున చంటిపిల్లని పక్కింట్లో వదిలి కత్తి పట్టుకుని పోయిన ఆడదాన్ని ఒక్కదాన్నైనా చూశావా, లేక ఇంట్లో కూర్చుని రాశావా అని అడిగి ఉందును. ఆయన పోయి ఏడొందల ఏళ్ళయింది, అడగడానికి వీల్లేదు. ఆ పక్షుల మాట అమ్మమ్మ చెవిన పడినా, ఆ పుస్తకం మళ్ళీ తెరిచినా చంపుతానని కూతుర్ని బెదిరించి బయటికొచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. కళ్ళు మూస్తే పక్షి ముక్కు పొడుచుకొచ్చిన మా అమ్మ ముఖం కనిపించింది, నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడో రోజు పొద్దున నాకో ఆలోచన వచ్చింది. ఆ రోజుల సంగతి తెలిసినవాళ్ళు ఇంకొక్కరే మిగిలారు, మీనాచ్చి అత్త. మా పక్క లైనింట్లో ఉండి, మాతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు పట్టుకున్న తమిళావిడ. ఇప్పుడు ఊరికి ఆ చివర కొడుకు దగ్గర ఉంటోంది. ఆవిడని ఎలాగైనా ఒప్పించి, రాసమ్మా, అది ఆ చెట్టు కాదు, వేరే చెట్టు, నువ్వు పొరబడ్డావు అని అబద్ధం చెప్పించాలి. మా ఇంట్లో ఇన్నాళ్ళు అబద్ధమే మనుషుల్ని బతికించింది, ఇంకొకటి కలిస్తే ఏం పోయింది. మోటార్‌బైకు తీసి బయల్దేరాను.

మీనాచ్చి అత్త వాకిట్లో స్టూలు మీద కూర్చుని వక్క నములుతోంది. నేను చెప్పిన రెండు ముక్కలు వినగానే వక్క ఉమ్మేసింది.

"యార్ సొన్నా నీకు? మీ అమ్మే చెప్పిందా?" అని రెండుసార్లు అడిగింది. తానే చెప్పిందన్నాను. ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది.

"నేనే మొదట చూసినది అమ్మా. దీపం వెలుగులో కాళ్ళు కనపడినాయి. అరవడానికి నోరు రాలే. మీ అమ్మ పక్క నిరైలో కోస్తా ఉంది, పరిగెత్తి పోయి పిలిచాను. వచ్చింది. ఏడవలే. చేతిలో ఉన్న పాల కత్తితోనే తాడు కోసి దించింది. తోట ఆసుపత్రి డ్రెస్సరు మంచివాడు, పోలీసు గొడవ వద్దని పాము అని రాసినాడు. మీ అమ్మ కాక మా నలుగురికే తెలుసు. ముగ్గురు పోయారు."

ఆ తోటలో చెట్లని వరసలుగా పంచి ఒక్కొక్కరికీ ఇచ్చేవారు. దాన్నే నిరై అంటారు. ఎవరి నిరై వారిదే. ఇంకొకరి చెట్టు మీద కత్తి పెట్టడానికి వీల్లేదు. అంతవరకూ నాకు తెలుసు. అందుకే అత్త చెప్పిన తర్వాతి మాట నాకు ముందు అర్థం కాలేదు.

"ఆ చెట్టు మీ అమ్మది కాదు. నా నిరైలోది."

"మరి అమ్మ కోసినానంటన్నాది గదత్తా?"

"అడిగి తీసుకుంది! నాకు ఆ చెట్టు దగ్గరికి పోవాలంటే ఒణుకు. మండోరుకి చెప్పి దాన్ని వదిలేస్తా అన్నాను. వదిలేస్తే దొర వేరే ఎవరినో పెడతాడు. మీ అమ్మ వచ్చి, అక్కా, నీ నిరై నాకియ్యి, నాది నువ్వు తీసుకో, ఆ సెట్టు మీద ఇంకెవురి కత్తీ పడకూడదు అంది. నాది గుట్ట మీద నిరై అమ్మా, బకెట్లు మోసుకుని దిగాలంటే ప్రాణం పోతుంది. మీ అమ్మది చదును నేల. ఇచ్చేసింది. పదకొండేళ్ళు ఆ గుట్ట ఎక్కి దిగింది. తర్వాత ఆ చెట్లన్నీ కొట్టేసి పామాయిల్ వేసినారు కదా, అప్పటిదాకా."

నేను ఆవిడ పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

"ఇంకొకటి చెప్తా విను," అంది మీనాచ్చి అత్త. "ఆ తోటలో మీ అమ్మంత బాగా కోసేవాళ్ళు లేరు. చెట్టుకి దెబ్బ తగలదు, చిప్ప నిండుతుంది. ఆ ఒక్క చెట్టు మాత్రం పాలు ఇవ్వదు. ఎందుకు ఇస్తుంది? కోస్తే కదా? పైతోలు మీద గోరుతో గీసినట్టు గీస్తుంది. మండోరు తిడతాడని పక్క చెట్టు చిప్పలో పాలు తెచ్చి ఆ చిప్పలో పోసేది. నేను చూసినాను. ఎవరికీ చెప్పలే."

నేను ఏడ్చాను. నలుగురు పోయే వీధిలో, అరవై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషిని, హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఏడుపులోనే ఎంతో హాయిగా అనిపించింది. అబద్ధం అడుక్కోవడానికి వచ్చిన దాన్ని, అంతకన్నా మంచి నిజం దొరికింది. మా అమ్మ మా నాన్న ఒంటి మీద ఒక్క గాటు కూడా పెట్టలేదు. ఏ కవి వచ్చి ఏ నరకం చూపించినా ఆవిడకి భయం లేదు. ఆ మాట ఎప్పుడెప్పుడు చెబుదామా అని, ఎర్రలైటు దగ్గర కూడా సరిగా ఆగకుండా ఇంటికి వచ్చిపడ్డాను.

శర్మిళ మంచం పక్కన గంజి గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. మా అమ్మ గోడవైపే తిరిగి ఉంది. నేను మంచం మీద కూర్చుని ఆవిడ భుజం పట్టుకుని ఇటు తిప్పాను. బట్ట తిప్పినట్టు తిరిగింది, బరువే లేదు.

"అమ్మా, మీనాచ్చత్త దగ్గిరికి ఎల్లొచ్చినాను. అంతా సెప్పినాది. నిరై మార్చుకున్నావంట గదా. నాన్న సెట్టుని ఎవురూ ముట్టకూడదని తీసుకున్నావంట."

ఆవిడ కళ్ళు తెరిచింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"నువ్వు నాన్నని కొయ్యనేదమ్మా. ఉత్తి తోలు గీసినావు. గోరంత. పక్క సెట్టు పాలు తెచ్చి పోసినావంట. నాన్నకి నొప్పి తగలనేదు. నువ్వు ఏ పాపం సెయ్యనేదు, ఇను!"

"పైపైనే గీసినానని మీనాచ్చి అన్నాదా?"

"అవునమ్మా. కళ్ళారా సూసినానన్నాది."

మా అమ్మ మోచేతి మీద ఆనుకుని తనే లేచి కూర్చుంది. మూడు రోజులుగా కదలని మనిషి. నేను శర్మిళ వైపు చూసి, చూశావా అన్నట్టు తలాడించాను. మా అమ్మ రెండు చేతులతో నుదురు కొట్టుకుంది, ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు. నేను ఆ చేతులు పట్టుకోవాల్సి వచ్చింది.

"అదే గదే నాను సేసిన పాపం! రగతం వొస్తేనే మాటొస్తాదని పిల్ల సెప్పినాది గదా. పొద్దు పొద్దునా ఆడి దగ్గిరికే ఎల్లినాను, పదకొండేళ్ళు. జాలిపడి గోరంత గీసి ఎల్లిపోయినాను. ఒక్కపాలి, ఒకే ఒక్కపాలి లోతుగా దిగేసుంటే సెప్పీవోడు గదే! ఎందుకు పోయినాడో సెప్పీవోడు గదే!"

ఆవిడ మళ్ళీ నుదురు కొట్టుకోబోతే గట్టిగా ఆపాను.

"ముందురోజు రాత్రి సేపల పులుసు బాగుందని రెండుపాలీలు ఏసుకున్నాడు. నిన్ను బుజం మీద ఎక్కించుకుని లైను సివరిదాకా తిప్పినాడు. నాతో గొడవ నేదు, ఎవురితోటీ మాటొచ్చింది నేదు. తెల్లారీతలికి మడిసి నేడు. ఏటి తక్కువ సేసినానో నాకు తెల్దు. ఎవుర్ని అడగను? పాము కరిసింది అన్నాక ఇంకెవుర్ని అడగను?"

మూడు రోజులుగా నేను ఎంత మొద్దులా ఆలోచించానో అప్పుడు తెలిసింది. చెట్టుని కోశానని కాదు ఆవిడ బాధ. నరకమంటే భయమూ కాదు. ఊరడించడానికి పరిగెత్తుకుంటూ పోయి నేను మోసుకొచ్చిన మాటే ఆవిడ నెత్తిన పడిన కొత్త బండ. వెనక్కి తీసుకుందామన్నా కుదరదు. ఆవిడ చేతులు వదలకుండా కూర్చున్నాను.

మా అమ్మే చేతులు విడిపించుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని మనవరాలి వైపు తిరిగింది.

"శర్మీ, ఆ సెట్టు ఏటన్నాదే? కొమ్మ ఇరిసినాక. ఆ రోజు పూర్తిగా సెప్పనేదు నువ్వు."

శర్మిళ నా వైపు చూసింది. ఆ పుస్తకం మళ్ళీ తెరిస్తే చంపుతానని నేనే అన్నాను. ఏం చేస్తాను, తెమ్మన్నట్టు కళ్ళతోనే సైగ చేశాను. గంజి గిన్నె నా చేతికిచ్చి పుస్తకం తెచ్చుకుంది.

"అతను ఒక రాజు దగ్గర పెద్ద మినిస్టర్ అమ్మమ్మా. రాజు మనసులో ఏది ఉన్నా ఇతనికి చెప్తాడు. అంత నమ్మకం. మిగతావాళ్ళకి కుళ్ళు. రాజుకి ద్రోహం చేసినాడని అబద్ధం చెప్పినారు. రాజు నమ్మేసినాడు. పేరు పోయింది, అన్నీ పోయినాయి. అందరూ అలా చూస్తే అతను తట్టుకోలేదు."

"తప్పు సేసినాడా, నేదా?"

"లేదు. ఆ చెట్టు వేర్ల మీద ఒట్టు వేసి చెప్తాడు, నేను ద్రోహం చెయ్యలేదు అని. మీలో ఎవరైనా మళ్ళీ పైకి పోతే, ఈ మాట అందరికీ చెప్పండి, నా పేరు నిలబెట్టండి అని అడుగుతాడు."

మా అమ్మ చెయ్యి చాచింది. ఏం కావాలో నాకు ముందు తెలియలేదు, తర్వాత గిన్నె అందించాను. రెండు చేతులా పట్టుకుని ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"పోన్లే. ఆడైనా సెప్పినాడు," అంది.

సగం గంజి తాగాక గిన్నె ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ అడిగింది. "ఆడికి పెళ్ళాం ఉండుంటాది గదా. ఆయమ్మికి ఎవురైనా ఎల్లి సెప్పినారా?"

శర్మిళ పుస్తకంలోకి వంగింది. ఆ పేజీ చూసింది, తర్వాతి పేజీ చూసింది, వెనక చిన్న అక్షరాల్లో వివరాలు రాసి ఉన్న పేజీలన్నీ వేలు పెట్టి వెతికింది. మా అమ్మ గిన్నె కింద పెట్టకుండా ఎదురుచూస్తూనే ఉంది. నా కూతురు తలెత్తి నా వైపు చూసింది. ఎక్కడా రాయలేదు.